చింక్వె తెర్రె ఐదు ఊర్లు: మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మతోని ఎట్ల తిరగాలె?

మూసీ గట్టు, నల్లగొండ:
అందరికి నమస్తే. మే చివర్ల అమ్మ, నాయిన, నేను ఇటలీ పోదామనుకుంటున్నం. అండ్ల మూడు రోజులు చింక్వె తెర్రెకే. అమ్మకు మోకాళ్ళ నొప్పి. చదునుగ ఉంటే గంటసేపు నడుస్తది గని, గుట్ట మెట్లంటె కష్టం. నాయిన మాంసం, చేపలు ముట్టడు. మిలాన్ నుంచి ఒక్కరోజుల ఐదు ఊర్లు చూపిచ్చి తోలుకొస్తమని ట్రావెల్స్‌ల అంటున్నరు. అట్ల అయితదా? ఎక్కడ దిగాలె, ఏ ఊరు వదిలెయ్యాలె? పడవల తిరిగితె అమ్మకు సులువైతదా?

పాలమూరు బాటసారి:
ఒక్కరోజు మాట మర్చిపో తమ్ముడు. మిలాన్ పెద్ద స్టేషన్ నుంచి పోనీకె మూడు గంటలు, రానీకె మూడు గంటలు. మధ్యల మీకు దొరికేది పగటి పదింటి నుంచి నాలుగు దాకా, అంటే గుంపులన్ని దిగే టైమే. ఆ ఊర్ల అందం పొద్దుగాల, పొద్దుగూకినంకనే.

పడమటి నుంచి వరుస: మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నిల్యా, మనరోలా, రియోమజ్జోరె. అటు చివర లేవాంతో, ఇటు చివర లా స్పేత్సియా. ఊరికీ ఊరికీ రైల్ల నాలుగైదు నిమిషాలే. కారు తీస్కోవద్దు. ఊర్లల్లకు బయటి బండ్లను రానియ్యరు, తెల్వక దూరితే కెమెరాల పడి ఫైను ఇంటికొస్తది.

మకాం మోంతెరోస్సోల పెట్టుండ్రి, లేకుంటె లేవాంతోల. రెండుదిక్కులా ఇసుక ఒడ్డు, చదును దారి ఉంటయి. మోంతెరోస్సోల స్టేషన్ ఉన్న వైపు పేరు ఫెజీనా. పాత ఊరికి చిన్న సొరంగం గుండ నడిచి పోవచ్చు. రూమ్ ఖాయం చేసేముందు ఎన్ని మెట్లున్నయి, లిఫ్టున్నదా అని రాసి అడుగు. కిటికీల నుంచి సముద్రమంత కనబడే ఫోటో పెట్టిండ్రంటే ఆ రూమ్ పైన ఎక్కడనో ఉన్నట్టే.

వెర్నాత్సాల స్టేషన్ దిగంగనే బజారు, మెల్లగ వాలుకుంట రేవు దాకా పోతది. అమ్మకు ఇబ్బంది లేదు. మనరోలా, రియోమజ్జోరెలల్ల స్టేషన్ నుంచి ఊర్లెకు నడక సొరంగాలున్నయి గని, ఊరు మొత్తం ఎత్తుపల్లమే. వదిలెయ్యాలంటే కోర్నిల్యా. సముద్రానికి వంద మీటర్ల పైన ఉంటది, స్టేషన్ నుంచి 33 వరుసల్ల దాదాపు 380 మెట్లు. చిన్న బస్సున్నది. రైలు ఆగంగనే జనమంత దానికే ఉరుకుతరు, మీరు రెండో బస్సుకు ఆగుండ్రి.

ఇంకోటి, చానమంది ఇక్కడనే తప్పుతరు. వెర్నాత్సా, రియోమజ్జోరెలల్ల ప్లాట్‌ఫారం పొట్టిది, రైలు సగం సొరంగంలనే ఆగుతది. కిటికీల నుంచి చీకటే కనబడ్తది. ఇంకా స్టేషన్ రాలేదని కూసుంటే ఊరు దాటిపోతది. పేరు చెప్పంగనే లేచి తలుపు కాడికి రావాలె.

టికెట్ సంగతి: సీజన్ల ఒక్క స్టేషన్ పోయినా, ఐదు పోయినా అదే రేటు. ఈ ఊర్లన్ని ఒక జాతీయ పార్కు కింద ఉన్నయి. రోజుల మూడు నాలుగుసార్లు ఎక్కేదుంటే ఆ పార్కువాళ్ళ రైలు కార్డే గిట్టుబాటు. కాగితం కార్డయితే పేరు రాసి, ఎక్కేముందు స్టేషన్‌ల మిషన్‌ల ముద్ర కొట్టియ్యాలె. ముద్ర లేకుంటె కొన్న టికెట్ కూడ చెల్లదు, ఫైనే.

చెల్క గట్టు:
అమ్మను ఒక్క దారి మాత్రం నడిపియ్యి. రియోమజ్జోరె నుంచి మనరోలాకు వియా దెల్ అమోరె, కిలోమీటరు లోపే, దారి చదును. 2012ల రాళ్ళు పడి మూసేసిండ్రు, 2024ల మళ్ళ తెరిచిండ్రు. దీనికి టైము ముందుగాల వేరే బుక్ చేసుకోవాలె, రియోమజ్జోరె వైపు నుంచే లోపలికి పోవాలె. మోంతెరోస్సో–వెర్నాత్సా దారి వేరు. మూడున్నర కిలోమీటర్లే గని రెండు గంటలు, ఎగుడుదిగుడు మెట్లు. అది నీకు, అమ్మకు కాదు. ఈ కొండదారుల మీద చెప్పులేసుకొని నడిస్తే పార్కువాళ్ళు ఫైను వేస్తరు, కింద పట్టున్న బూట్లే తెచ్చుకో.

నడిచేటప్పుడు ద్రాక్షతోటల గోడలు చూడు. మన చెల్కల గట్లకు రాళ్ళు పేర్చినట్టే, సున్నం లేదు, సిమెంటు లేదు. రాళ్ళ సందుల నుంచి వాననీళ్ళు కారిపోతయి, మట్టి ఆగుతది. సాగు చేసేటోళ్ళు లేక ఒక్క రాయి జారినా ఎవ్వరు సర్దకపోతే గోడ పొట్ట ఉబ్బి, వానకు మట్టితోని సహ కిందికొస్తది. 2011 అక్టోబర్ 25 వానకు వెర్నాత్సా, మోంతెరోస్సో బురదల మునిగినయి. ఫోటో కోసమని ఆ గోడలెక్కొద్దు, ఎవరన్న ఎక్కితే దిగమని చెప్పు.

జొన్నరొట్టె అక్క:
మీ నాయిన పస్తుండే పని లేదు తమ్ముడు. ఫరినాతా అని ఉంటది, శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద పళ్ళెంల పోసి పొయ్యిల కాలుస్తరు. అంచు కరకర, నడుమ మెత్తగ, మన శనగపిండి అట్టుకు చుట్టమే. ఫొకాచ్చా రొట్టె కూడ మంచిది, ఉల్లిగడ్డదో ఉత్త నూనెదో అడుగుండ్రి. త్రోఫియె అనే పాస్తా పిండి, నీళ్ళతోని చేసేదే, గుడ్డు పడదు. పన్సోతీ అని ఆకుకూర నింపిన పాస్తా ఉంటది, దాంట్ల గుడ్డు ఉండొచ్చు, అడగాలె. పెస్తో అనే తులసాకు పచ్చడిల వేసే పార్మిజాన్ జున్నును దూడ కడుపుల నుంచి తీసిన పదార్థంతోని విరగ్గొడ్తరు. ఇది నాయినకు ముందే చెప్పు, తినుడు మానుడు ఆయనిష్టం. మోంతెరోస్సోల చిన్న చేపలు పేరున్నవి, దేంట్లనన్న వేసి ఉండొచ్చు. "సెంజా అచ్చూగె" అంటే ఆ చేపలు లేకుండ అని.

హోటళ్ళల్ల పగటి వంట రెండున్నరకు బందైతది, మళ్ళ రాత్రి ఏడుకే. అమ్మ మందులు అన్నంతోని ముడిపడి ఉంటే మధ్యాహ్నమే ఫొకాచ్చా కొని సంచిల పెట్టుకోండ్రి.

పాలమూరు బాటసారి:
పడవ సంగతి మర్చిన. కోర్నిల్యాకు రేవే లేదు, అక్కడ ఆగదు. మిగతా నాలుగు ఊర్లల్ల సన్నటి పలక మీద నడిచి ఎక్కాలె, దిగాలె. అల లేస్తే పలక ఊగుతది. సముద్రం గరమైతే పడవలే బందు. అందుకని పోవుడు రైల్ల పెట్టుకొని, సముద్రం నిమ్మళంగ ఉన్ననాడు వచ్చేటప్పుడు ఒక్కసారి ఎక్కియ్యి. రియోమజ్జోరె రేవు దాకా మెట్లు దిగాలె, మోంతెరోస్సో, వెర్నాత్సా మధ్యనైతె అమ్మకు సులువు.

రైళ్ళ సమ్మె తేదీలు ముందుగాల ప్రకటిస్తరు, బయల్దేరేముందు చూసుకో. పనిదినాలల్ల సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 దాకా ముఖ్యమైన లోకల్ రైళ్ళు నడుపుతరు. వాపస్ విమానం మిలాన్ నుంచే అయితే ముందురోజు రాత్రికే మిలాన్ చేరి పండుకోండ్రి.