పిలకాయల్ని, పెద్దోళ్ళని కలిపి టౌన్ పక్క తోట చూపించినోళ్ళు ఉన్నారా? (నెల్లూరు)

మాగుంట లేఅవుట్ అమ్మ:
మా అపార్ట్‌మెంట్ పిలకాయలు, వాళ్ళ అవ్వాతాతలు, మేము అందరం ఒక ఆదివారం పొదలకూరు రోడ్ వైపు ఒక చిన్న తోటకి పోదామనుకుంటున్నాం. రెండొందల అంకణాలు, అంటే ఎకరంలో మూడోవంతు ఉంటదేమో, కూరగాయలు, ఒక ఆవు, నాలుగు గొర్రెలు. ఏ నెల బాగుంటది, ఏం చూపించాలి, పెద్దోళ్ళు ఓ మూల కూర్చుని ఫోన్ చూసుకోకుండా ఏం చెయ్యాలి, పోయొచ్చినోళ్ళు చెప్పండి.

పెన్నాగట్టు:
జనవరి, ఫిబ్రవరి బెస్ట్ అక్కా. అక్టోబర్, నవంబర్‌లో వాయుగుండాలు, తోటంతా బురద, ఏప్రిల్ దాటితే ఎండకి పసోళ్ళు తట్టుకోలేరు. పొద్దున ఏడింటికల్లా ఆడ ఉండండి. గుమ్మడిపూలు తెల్లారి విచ్చుకుంటాయి, ఎండెక్కితే ముడుచుకుపోతాయి. ఆడపువ్వు కింద బుల్లి పిందె ఉంటది, అది పిలకాయల్నే వెతకమని, మగపువ్వు తుంచి పుప్పొడి వాళ్ళ చేత్తోనే అద్దించాం, ఎవరి పిందెకి వాళ్ళు దారం కట్టుకున్నారు, ఆ తర్వాత రైతు వాట్సాప్‌లో ఫోటో పెట్టినప్పుడల్లా నా కాయ ఎంతైంది అని మావాడు ఒకటే గోల.

ఒంగోలు టీచరమ్మ:
బస్సెడు పిల్లల్ని ఒక్కసారే మడిలోకి తోలితే వెనకున్నోళ్ళకి ఏమీ వినపడదండి, పదేసి మందిగా పంపండి. శెనక్కాయ వేసుంటే తప్పకుండా ఒక చెట్టు పీకించండి. పువ్వు పైన పూసి, తర్వాత ఊడ కిందకి దిగి మట్టిలోకి పోయి అక్కడ కాయ ఊరుతుందని బోర్డు మీద బొమ్మ గీసి చెప్తే ఎక్కదు, సగం దూరం దిగిన ఊడని చేత్తో పట్టుకుని చూస్తే ఒక్క నిమిషంలో ఎక్కుద్ది, అసలు పెద్దోళ్ళలో కూడా అది వేరుకి కాస్తుందనుకునేవాళ్ళే ఎక్కువ. ఆవు ఒంగోలు జాతిదైతే మూపురం, గంగడోలు చూపించి, బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో పెంచే మందలు ఈ జాతి నుంచి పోయినవేనని చెప్పండి, మా పిల్లలు మ్యాప్ తెరిచి మరీ చూశారు.

కావలి మిద్దెతోట:
పెద్దోళ్ళకి జీవామృతం, అదే ఆవు పేడ, మూత్రంతో చేసే ద్రవ ఎరువు, కలిపే పని పెట్టండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కేజీల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి అంటారు కదా, 20 లీటర్ల బకెట్‌కి అన్నీ పదోవంతు చేసుకుంటే చాలు. నీడన పెట్టి రోజూ పొద్దున, మాపటేల కట్టెతో తిప్పాలి, 48 గంటలకి వాడుకోవచ్చు. మిద్దె మీద కుండీలు ఉన్నోళ్ళు నోట్స్ రాసుకుంటారు చూడండి.

ఉదయగిరి వైపు:
గొర్రెల దగ్గర కూడా కాసేపు నిలబెట్టండి. నెల్లూరు జాతిలో తెల్లగా ఉంటే పల్ల, తెల్లదానికి మొహం మీద నల్లమచ్చలుంటే జోడిపి, ఎర్రగా ఉంటే దోర. ఇది తెలిస్తే రోడ్డు మీద మంద కనపడ్డప్పుడల్లా పిలకాయలు పందెం వేసుకుంటారు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించాకే టిఫిన్ పెట్టండి, శానిటైజర్ చాలదు, పేడ మట్టి గోళ్ళలో ఉండిపోద్ది.

పెన్నాగట్టు:
ఇంకోటి, ఊరికే పోవద్దు. మనం పోయిన పూట రైతుకి నీళ్ళు కట్టే పని, కోసే పని ఆగిపోద్ది. తలకింత అని ముందే మాట్లాడుకుని ఇవ్వండి, వచ్చేటప్పుడు కూరగాయలు కూడా ఆయన దగ్గరే కొనండి.

మాగుంట లేఅవుట్ అమ్మ:
డబ్బుల సంగతి మంచిమాట చెప్పినారు. మా మామయ్య బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మొలకొలుకులు వడ్లు పండించిన మనిషి, ఎన్ని తూములైతే పుట్టి అని పాత ధాన్యం కొలతలన్నీ నోటికే చెప్తాడు. ఆయన్నే చెప్పమని అడగొచ్చా, రైతుకి అడ్డమవుద్దా?

ఒంగోలు టీచరమ్మ:
అడ్డమేం కాదండి, ఆయన్ని బోదెలో నీళ్ళు మళ్ళించే దగ్గర పెట్టండి, పార ఒకటి చేతికివ్వండి. పిల్లలు తాత చెప్తే వింటారు.

మాగుంట లేఅవుట్ అమ్మ:
సరే అయితే, జనవరిలో పండగ అయినాక రెండో ఆదివారం. గుమ్మడి, శెనక్కాయ అప్పటికి ఏ దశలో ఉంటాయో ఈ వారమే రైతుని కనుక్కుంటా.