రాత్రే కలిపిన పెరుగు, చియా గింజల టిఫిన్‌లో నీరు ఊరకుండా ఎలా?

అందరికీ నమస్కారం. పొయ్యి వెలిగించకుండా పొద్దున్నే తినే ఈ టిఫిన్‌ కొలతలు ఒక్కరికి: గట్టి గేదె పెరుగు 200 గ్రాములు, చియా గింజలు ఒక టేబుల్‌ స్పూను, అవిసె పొడి రెండు టీస్పూన్లు, కాసిన్ని గుమ్మడి పప్పులు, ఒక అరటిపండు. అవిసె పొడి తప్ప మిగతావి రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలి.

చిక్కు చియాతోనే. నేరుగా గట్టి పెరుగులో వేస్తే ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. ముందు ఆరింతల నీళ్లలో అరగంట నానబెడితే ఉండలుండవు కానీ పెరుగు పలచనవుతుంది. చియాకు బదులు సబ్జా వేసి చూడమనకండి. అవి నీళ్లలో పది నిమిషాల్లో ఉబ్బుతాయి, గట్టి పెరుగులో మాత్రం సరిగా నానవు.

రెండోది, తెల్లారేసరికి పైన తేలే పచ్చని నీరు. తోడుకున్న పెరుగును గిలక్కొడితే గడ్డ విరిగి నీరు వదులుతుంది, ఉప్పు వేస్తే ఇంకాస్త. అందుకే ఉప్పు తినే ముందే వేయాలి. అవిసె పొడి కూడా అప్పుడే, రాత్రి వేస్తే జిగురు పడుతుంది.

నా ప్రశ్న: పెరుగును పలచటి గుడ్డలో గంటసేపు వేలాడదీసి, కారిన ఆ నీటిలోనే చియా నానబెట్టి తిరిగి కలపవచ్చా? పులుపు పెరుగుతుందా? ఎంత పెరుగుకు ఎంత నీరు దిగుతుందో కొలిచి చూసినవారు చెప్పగలరు.

ఉడికించని అనాస ముక్కలు వద్దు, పెరుగు చేదెక్కుతుంది. ఇంకే పండ్లు రాత్రంతా నిలుస్తాయి?