ప్రాణహితలో పట్టి వదిలే గాలం వేట: సిరోంచకు మేలా, కీడా?

గాలం_సిరోంచ:
నిరుడు జూన్‌లో కశ్మీర్ వెళ్లినప్పుడు పహల్‌గాం దగ్గర లిద్దర్ నదిలో ట్రౌట్ అనే చేపల వేట చూశాను. కొక్కేనికి ఈకలు, దారం చుట్టి ఈగలాగా చేస్తారు. బరువంతా విసిరే దారానిదే, ఎరకు బరువుండదు. అందుకే అది నీటి మీద నిజమైన ఈగలాగే వాలుతుంది. దారి చూపే పెద్దాయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఒక బండ వెనక నీరు నెమ్మదించే చోటు వేలితో చూపించాడు. రెండో విసురుకే చేప లేచింది. నదిని బీట్లుగా, అంటే వేటకు కేటాయించిన ముక్కలుగా విడగొట్టి, అనుమతి ఉన్నవారినే దింపుతారు. ట్రౌట్ గుడ్లు పెట్టే చలికాలంలో వేట మూసేస్తారు.

మన చేపలు గుడ్లు పెట్టేది వానాకాలంలో. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, రోజుకు నలుగురికి మించకుండా, మన సిరోంచ దగ్గర ప్రాణహిత నదిలో ఇలాంటిది నడపవచ్చని నా ఆలోచన. పట్టిన చేపను వదిలేయాలి. మన పిల్లలే దారి చూపుతారు. నీళ్లలో డైనమైట్ తూటాలు పేల్చి చేపలు చంపకూడదని 1897 నుంచీ చట్టం ఉంది. అయినా మడుగులు ఖాళీ అవుతూనే ఉన్నాయి. బతికున్న చేపకు విలువ వస్తేనే కాపలా వస్తుందని నమ్ముతున్నాను.

అహేరి_మాస్టారు:
ట్రౌట్, సాల్మన్ చన్నీటి చేపలు. నీరు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్ అల్లాడిపోతుంది. ప్రాణహితలో ఎలా బతుకుతాయి?

గాలం_సిరోంచ:
ట్రౌట్‌ను తెద్దామనలేదు మాస్టారూ. మన వాలుగ, పెద్ద పొలుసులుండే మన మహసీర్ చాలు.

చెన్నూరు_వాసి:
చేపను పడితే కూర వండుకోవాలి. హింసించి వదలడం పాపం.

రేవు_పడవ:
పాపం సంగతి తర్వాత. వదిలిన చేప బతుకుతుందా? పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర అరచేతికి అంటుకుని వచ్చేస్తుంది. నాలుగు రోజులకు అక్కడ తెల్లగా బూజు పడుతుంది. మా నాన్న తొలి వానల ఎర్రనీళ్లలో గుడ్ల చేప వలలో పడితే, ముందు చేతులు తడుపుకుని, తల ఏటికి ఎదురుగా పెట్టి, మొప్పలు ఆడేదాకా నీళ్లలోనే పట్టుకుని వదిలేవాడు. ఫొటో కోసం వచ్చేవాళ్లు అంతసేపు ఆగుతారా?

గాలం_సిరోంచ:
ఆగేలా నియమం పెడదాం. ఎదురుముల్లు (కొక్కెం మొనకు వెనక్కి తిరిగి ఉండే ముల్లు) లేని కొక్కెం, తడి చేతులు, చేపను నీళ్లలోంచి ఎత్తకపోవడం. స్కాట్లాండ్‌లో 2015 నుంచి ఏప్రిల్ 1కి ముందు పట్టిన సాల్మన్‌ను వదిలి తీరాలని చట్టమే చేశారు. చచ్చిపోయేదైతే అలా చేస్తారా?

రేవు_పడవ:
అది మంచునీరు. మార్చిలో మన నీళ్లలో చేయి పెట్టి చూశారా?

గాలం_సిరోంచ:
ఫిబ్రవరితో ఆపుతామని రాశాను. చదవకుండానే జవాబు ఇస్తున్నారు.

అహేరి_మాస్టారు:
చరిత్ర కూడా చూడాలి. కశ్మీర్‌లో ట్రౌట్ స్థానికమైనది కాదు. 1900లో స్కాట్లాండ్ నుంచి గుడ్లు తెచ్చి పెంచారు. కావేరిలో గాలం వేటగాళ్ల కోసం వేరే మహసీర్ పిల్లలను వదిలారు. ఆ నదికే సొంతమైన మూపురం మహసీర్ 2018 నాటికి అంతరించే అంచున ఉన్న జాతుల జాబితాకు ఎక్కింది. ఏటికి కొత్త చేపను తెచ్చేవారిని చూస్తే నాకు భయం.

గాలం_సిరోంచ:
అదే కావేరిలో దొంగవేట చేసేవాళ్లు గాలం శిబిరాల్లో కాపలాదారులయ్యారు. అది ఎందుకు చెప్పరు? అసలు ఇక్కడ నదిని ఊడ్చేస్తున్నది బయటివాళ్లా? వేలెడు పిల్లను కూడా వదలని సన్నకన్ను వలలు ఎవరివి? మీ రేవువే కదా!

చెన్నూరు_వాసి:
మాటలు జాగ్రత్తగా రాయండి.

రేవు_పడవ:
రాయనివ్వండి. సన్నకన్ను వలలు ఉన్నాయి, కాదనను. మా తమ్ముడితో ఆ విషయం మీద మాటలు కూడా మానేశాను. తూటాల వాళ్లు మాత్రం మా రేవు వాళ్లు కారు.

‘మన పిల్లలే దారి చూపుతారు’ అన్నారు కదా. నేను చూపాను. వేరే జిల్లాలో ఒక విడిది వాళ్ల దగ్గర రెండు చలికాలాలు పనిచేశాను. ఏ బండ కింద ఏ చేప ఉంటుందో పక్క ఊరి జాలరులను అడిగి తెలుసుకుని వాళ్లకు చెప్పింది నేను. మూడో ఏడు ఆ మడుగులో ఆ జాలరులు వల వేయకూడదన్నారు, అతిథులకు ఇబ్బందట. ఆ మాట చెప్పి రమ్మని నన్నే పంపారు. వాళ్లలో ఒక ముసలాయన ఏమీ అనలేదు. తడి వలను మడిచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజే పని మానేశాను. నెల జీతం ఇప్పటికీ రాలేదు.

నలుగురే అంటున్నారు, నాలుగు నెలలే అంటున్నారు. ఆ లెక్క వేసేది ఎవరు? 2006 అటవీ హక్కుల చట్టంలో చేపల మీద సాముదాయిక హక్కు స్పష్టంగా రాసి ఉంది. మన గడ్చిరోలిలోనే మేండా లేఖా గ్రామసభ తన అడవి హక్కును సాధించుకుంది. మీరు ఇక్కడ అడిగారు. రేవులో అడిగారా?

అహేరి_మాస్టారు:
ఈ ప్రశ్నకు జవాబు కావాలి. ఇంతసేపూ నేనూ నీటి వేడి గురించే మాట్లాడాను.

గాలం_సిరోంచ:
అడగలేదు. ముందు అనుమతి కాగితాలు తెచ్చుకుని తర్వాత చెబుదామనుకున్నాను. అది తప్పే. రేవు అందరినీ కలిపి అన్నందుకు క్షమించండి.

అయినా ఒక్క మాట. గ్రామసభ సరేనన్నా, నిర్వాహకులు మీరే అయినా, వానాకాలంలో గాలమైనా వలైనా ఆగాలి. నా చిన్నప్పుడు ఎదురెక్కే చేపలు రాళ్ల మీద వెండి పరిచినట్టు కనిపించేవి. మా అమ్మాయి అది చూడలేదు. ఆ విషయంలో నేను తగ్గను.

రేవు_పడవ:
తొలి ఎర్రనీళ్లలో మా నాన్న వల ఆరేసి ఉండేది. ఇప్పుడు ఆరేస్తే ఆ రెండు నెలలూ ఇంట్లో బియ్యం ఎలాగో కూడా మాట్లాడాలి. ఆదివారం పొద్దున్నే రండి, ఎండెక్కితే ఎవరూ ఉండరు.