ఆకు అంకెకూ ఫొటో వరసకూ పొంతన లేదు, ఫైళ్ల పేర్లు మార్చాలా?

ప్రశ్న:
కాగితపు రాతప్రతి ఒకటి స్కాన్ చేసి పెట్టాం. చివరి ఆకు మీద అంకె 96, లెక్కపెడితే ఆకులూ 96. రెండు వైపులా 192, అట్టలు లోపలా బయటా 4, మొత్తం 196 ఫొటోలు. వ్యూయర్‌లో ఆకు సంఖ్యలు వరసను బట్టి వేశాం. పాఠాంతరాలు చూస్తున్న పరిశోధకురాలు 52వ ఆకు అని రాసింది మా దగ్గర 53గా కనిపిస్తోంది. 70 మాత్రం సరిగ్గా ఉంది. ఫైళ్ల పేర్లు మార్చేయమంటారా?

జవాబు 1:
వద్దండీ, పేర్లు ముట్టుకోకండి. లేఖకుడు ఒక అంకె రెండుసార్లు వేసి, ఆ తర్వాత ఎక్కడో ఇంకో అంకె దాటేసి ఉంటాడు. 40 రెండుసార్లు పడి 60 లేకపోతే, 41 నుంచి 59 వరకే తేడా వస్తుంది, 61 నుంచి మళ్లీ కలిసిపోతుంది. మొత్తం 96 సరిపోయింది కాబట్టే ఎవరికీ అనుమానం రాదు. ఫొటోలతో తేల్చకండి, అసలు ప్రతి దగ్గర పెట్టుకుని ఒక్కో ఆకు మీది అంకె చదవండి.

ప్రశ్న అడిగినవారు:
చూశామండీ. 47 రెండుసార్లు ఉంది, 62 లేదు. మరి 62వ ఆకు పోయినట్టా?

జవాబు 2:
అది అంకెను బట్టి చెప్పలేం. 61 వెనకవైపు అడుగున తర్వాతి పుట తొలి మాట రాసి ఉందేమో చూడండి. 63 ఆ మాటతోనే మొదలైతే ఆకు పోలేదు, అంకే తప్పింది. అలాంటి మాట లేకపోతే వాక్యం అతుకుతుందో లేదో చదవాలి. కుట్టు దగ్గర కూడా చూడండి: మిగతా మడతల్లో (కలిపి కుట్టిన ఆకుల కట్టల్లో) ఎనిమిదేసి ఆకులుండి, ఇక్కడ ఏడే ఉంటే, కోసేసిన ఆకు మొదలు సన్నటి పట్టీలా కుట్టులో మిగిలి ఉండొచ్చు. బలవంతంగా మాత్రం తెరవకండి.

జవాబు 1:
తేలాక ఒక పట్టిక చేయండి: ఫొటో నంబరు, ఆకు వరస, లేఖకుడు వేసిన అంకె, ముందా వెనకా, గమనిక. రెండో 47ను 47క అనండి, ముందువైపు ఫొటో 97 అవుతుంది. ప్రతి మీద పెన్సిల్‌తో కూడా దిద్దకండి, పాత ఉదాహరింపులన్నీ ఆ అంకెలతోనే ఉంటాయి. ఫొటోల వరసా లేబుళ్లూ వ్యూయర్‌కు చెప్పే ఫైలు, అంటే ట్రిపుల్ ఐ ఎఫ్ (స్కాన్ ఫొటోలను వెబ్‌లో చూపే ప్రమాణం) మానిఫెస్ట్‌లో కాన్వాస్ (ఒక్కో పుటకు కేటాయించిన చోటు) గుర్తింపు చిరునామా అలాగే ఉంచి, పైకి కనిపించే లేబుల్ ఒక్కటే మార్చండి. చిరునామా మారిందంటే ఆవిడ పెట్టుకున్న వ్యాఖ్యలన్నీ ఊడిపోతాయి.

జవాబు 3:
ఒక మాట కలుపుతాను. ఎప్పుడైనా ఒక ఆకు మళ్లీ స్కాన్ చేస్తే, కాన్వాస్ కొలతలు మార్చకపోవడమే కాదు, ఫ్రేమ్ కూడా పాతదానిలాగే రావాలి. కొత్త ఫొటోలో పైన అంచు ఎక్కువ పడితే, వ్యాఖ్య కోసం మూడో పంక్తి మీద గీసిన పెట్టె రెండో పంక్తి మీద కూర్చుంటుంది. కుదరకపోతే పాత టిఫ్ (స్కాన్ ఫొటో ఫైలు) అలాగే ఉంచి, కొత్తదాన్ని వేరే కాన్వాస్‌గా చేర్చండి. లేబుళ్లు ఏ తేదీన మారాయో పట్టికలో రాసి, పరిశోధకురాలికీ ఒక ప్రతి ఇవ్వండి. 48 నుంచి 62 మధ్య వ్యూయర్ సంఖ్యను బట్టి ఎవరు ఉదహరించినా సరిచూసుకోవాల్సినవి అవే.