ప్రేరేపించుచున్నదా, నడిపించుచున్నదా?

బైబిల్లోని రోమా పత్రికలో ఒక మాట రెండ్రోజులుగా బుర్రలో తిరుగుతోంది. “దేవుని అనుగ్రహము మారుమనస్సు పొందుటకు నిన్ను...” తర్వాత ప్రేరేపించుచున్నది అనా, నడిపించుచున్నది అనా? నా అసలు సందేహం వేరే: అనుగ్రహం ముందా, పశ్చాత్తాపం ముందా?

— రెండో అధ్యాయం, నాలుగో వచనం. పాత అనువాదంలో ప్రేరేపించుచున్నదే. గ్రీకులో మాత్రం ‘ఆగో’, అంటే తీసుకెళ్లడం. ప్రేరేపిస్తే నడవాల్సింది మనమే, తీసుకెళ్తే ఆ పని కూడా ఆయనదే. తేడా చిన్నదేం కాదు.

— ఆ క్రియే లూకా సువార్త పదో అధ్యాయంలో ఉంది గురువుగారూ. దెబ్బలు తిని పడున్నవాణ్ణి సమరయుడు వాహనం ఎక్కించి పూటకూళ్ల ఇంటికి తీసుకుపోయాడు చూడండి, అక్కడ. వాడు ఒక్క అడుగైనా వేశాడా?

— క్రియ ఒకటైతే అర్థమూ ఒకటేనా? రోమా 8:14లో ఆత్మచేత నడిపింపబడేవాళ్లకీ అదే క్రియ, వాళ్లు మూర్ఛపోయి లేరు కదా. పైగా మీరు చెప్తున్న వచనమే ఆ అనుగ్రహాన్ని “తృణీకరించుదువా?” అని నిలదీస్తోంది. కాదనే వీలు లేనివాణ్ణి అలా అడగడమేంటి?

— పశ్చాత్తాపం, మారుమనస్సు ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. యేసును పట్టిచ్చిన ఇస్కరియోతు యూదా పశ్చాత్తాపపడ్డాడు, వెండి నాణేలు తిరిగిచ్చాడు, వెళ్లి ఉరేసుకున్నాడు. గ్రీకులో అక్కడున్నది ‘మెటనోయా’ (మారుమనస్సు) కాదు, వేరే మాట. అపొస్తలుల కార్యములు 11:18 ప్రకారం మారుమనస్సు కూడా దేవుడు దయచేసేదే. ఇక ముందూ వెనకా ఏముంది?

— యేసు చెప్పిన కథలోని తప్పిపోయిన కుమారుణ్ణి మర్చిపోయారు. కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకోమందామని దారంతా అనుకుంటూ వచ్చినవాడు తండ్రి ముందు ఆ ముక్క అననే లేదు. అప్పటికే ఆయన పరుగెత్తుకొచ్చి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు. ఇక్కడ మన పోతన గుర్తురాకపోతే ఎలా? “సిరికిం జెప్పడు...” ఆ తొందర చూడండి!

— పద్యం బాగుందన్నా, కానీ ఏనుగు పాపం చేసిందని కాదు, బలం చాలక పిలిచింది. కొడుకు అలా కాదు, లేచి బయల్దేరాడు.

— ఎందుకు బయల్దేరాడు? ఆకలేసి! పశ్చాత్తాపం అప్పటికి సగమే.

— “బుద్ధి వచ్చినప్పుడు” అని కూడా ఉందండీ, అది వదిలేస్తే ఎలా?

— నా ప్రశ్న ఎటో పోయింది గానీ, అదే వచనంలో ఉన్న ‘అనుగ్రహైశ్వర్యము’ గుణసంధి అని ఎవరో వేరే చోట రాశారు, నిజమేనా?

— వృద్ధి సంధి. అకారానికి ఐ పరమైతే గుణం ఎలా వస్తుందండీ!