స్టార్మూ తుఫానే, సైక్లోనూ తుఫానేనా?

ప్రశ్న: మావాడు ఎనిమిదో తరగతి. పాఠంలో స్టార్మ్, సైక్లోన్, హరికేన్, టైఫూన్ అని నాలుగు మాటలొచ్చాయి. తెలుగులో చెప్పమంటే నాలుగింటికీ తుఫాను అనేశాను. "అయితే తెలుగులో మాటలే లేవా నాన్నా?" అని మొహం మీదే అడిగాడు. ఉన్నాయా మాస్టారూ?

జవాబు: ఆ నాలుగింట్లో మూడు ఒకటే సరుకండీ. మనం ఆనపకాయ అన్నదాన్ని తెలంగాణలో సొరకాయ అన్నట్టు. అట్లాంటిక్‌లో పుడితే హరికేన్. పసిఫిక్‌కి పడమటి వైపు పుట్టి ఫిలిప్పీన్స్, జపాన్ల మీదికి పోతే టైఫూన్. మన బంగాళాఖాతంలో అయితే సైక్లోన్. కాబట్టి మీవాడి దగ్గర మీరేమీ తలదించుకోనక్కర్లేదు.

హరికేన్ కరీబియన్ దీవుల్లోని టైనో జనం మాట. స్పెయిన్ వాళ్ళ నోట పడి ఇంగ్లీషుకి చేరింది. టైఫూన్ అయితే మన తుఫానుకి దగ్గర చుట్టమే. అరబ్బీలో తూఫాన్ అంటే లోకాన్ని ముంచే వెల్లువ. నోవహు నాటి జలప్రళయాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారు. పారసీ, ఉర్దూల మీదుగా అది మనకొచ్చింది. అదే మాట పోర్చుగీసు నావికుల నోట ఇంగ్లీషు వైపు పోయి, దారిలో చైనా వాళ్ళ 'పెద్దగాలి'ని, గ్రీకు పురాణాల్లోని టైఫాన్ అనే రాక్షసుణ్ణి కూడా కలుపుకుని టైఫూన్ అయింది.

ఇక సైక్లోన్. ఇది మీవాడికి తప్పకుండా చెప్పండి. హెన్రీ పిడింగ్టన్ అని ఒకప్పుడు ఓడల కెప్టెన్‌గా చేసి కలకత్తాలో స్థిరపడ్డ ఇంగ్లీషాయన. తుఫానుల్లో చిక్కుకున్న ఓడల లాగ్ పుస్తకాలు పోగేసి, ఏ గంటకి ఏ ఓడకి గాలి ఎటు నుంచి కొట్టిందో చూస్తూ కూర్చునేవాడు. 1839 నవంబరులో మన కోరంగిని తుడిచిపెట్టిన తుఫాను మీద కూడా అలాగే పెద్ద వ్యాసం రాశాడు. కోరంగి అంటే ఇప్పుడు మనం మడ అడవిలో పడవెక్కడానికి వెళుతున్న ఊరే. ఆ రోజుల్లో ఓడలు కట్టే రేవు. గాలి తిన్నగా కాకుండా చుట్టలు చుట్టుకుంటూ వస్తుందని చెప్పడానికి ఆయన గ్రీకు నుంచి ఒక మాట తెచ్చాడు. పాము చుట్ట అనే అర్థం కూడా ఉన్న మాట అది. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో సైక్లోన్ అని వాడాడు. ఉపగ్రహాలు లేని రోజుల్లో! ఇప్పుడు టీవీలో ఆ తెల్లటి చుట్ట బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

స్టార్మ్ ఒక్కటే వేరు. దానికి మనకి గాలివాన ఉంది, వాన లేకపోతే గాలిదుమారం ఉంది.

సభ్యుడు: పత్రికల్లో తుపాను అని ఉంటుంది కదండీ, తుఫాను తప్పేమో?

జవాబు: రెండూ నడుస్తున్నాయి. దానికి కొట్టుకోవద్దు. కొట్టుకోవలసింది వాయుగుండం దగ్గర. ఆ మధ్య ఒక అనువాదం యాప్ 'బంగాళాఖాతంలో తీవ్ర నిరాశ' అని చూపించింది. వాయుగుండాన్ని ఇంగ్లీషులో డిప్రెషన్ అంటారు, దానికి వచ్చిన తిప్పలు. సుడిగుండంలో ఉన్న గుండాన్నే తెచ్చి గాలికి పెట్టిన మాట వాయుగుండం. పల్లమూ ఉంది, తిరగడమూ ఉంది. ఇంగ్లీషు మాటలో పల్లం ఒక్కటే ఉంది. వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకి 31 కిలోమీటర్లుంటే వాయుగుండం, 62కి చేరితే తుఫాను. పేరు పెట్టేది కూడా అప్పుడే.

అవనిగడ్డ వైపు నుంచి ఒక సభ్యురాలు: మరి ఉప్పెనకి ఇంగ్లీషు ఏది మాస్టారూ? 1977 నవంబరు 19 మా ఇంట్లో క్యాలెండరు లాంటిది. మా అమ్మ ఇప్పటికీ "చిన్నాడు ఉప్పెనకి ముందు పుట్టాడు, పెద్దదాని పెళ్ళి ఉప్పెన తర్వాత" అంటుంది. నీళ్ళు తీశాక మా పెరట్లో నుయ్యి నోట పెట్టుకోలేనంత ఉప్పగా అయిపోయిందట. ఇంగ్లీషులో టైడల్ వేవ్ అని చదివాను.

జవాబు: ఆ మాట తప్పమ్మా. టైడ్ అంటే ఆటుపోటు, చంద్రుడూ సూర్యుడూ లాగేది. ఉప్పెన తుఫాను గాలి సముద్రాన్ని ఎత్తి ఊళ్ళ మీదికి నెట్టడం. కాకపోతే పోటు వేళకి వస్తే ఇంకా ఎత్తున వస్తుంది. దివిసీమలో వేలమంది ఒక్క రోజులో పోయింది దానికే. శాస్త్రంలో స్టార్మ్ సర్జ్ అంటారు. కలిపి రెండు మాటలు కావలసి వచ్చాయి చూశారా, మనకి ఒక్కటి చాలింది. 2004 తర్వాత కొందరు ఉప్పెనని కూడా సునామీ అంటున్నారు. అది ఇంకా పెద్ద తప్పు. సునామీ జపాన్ వాళ్ళ మాట, 'రేవు అల' అని అర్థం, ఎక్కువగా సముద్రం అడుగున భూమి కదిలితే వచ్చేది. దానికి గాలితో పనిలేదు.

డాలస్ నుంచి ఒకాయన: నాదొక బాధండి. ఇక్కడ టోర్నడో వాచ్ వేరు, టోర్నడో వార్నింగ్ వేరు. మా అత్తగారు వచ్చినప్పుడు రెండింటికీ హెచ్చరిక అనే చెప్పాను. వాచ్‌కి హడలిపోయి బాత్‌టబ్‌లో దుప్పటి కప్పుకుని గంటసేపు కూర్చున్నారు. మర్నాడు నిజం వార్నింగ్ వస్తే "నిన్నా ఇంతేగా" అని పప్పుకి పోపు పెడుతున్నారు!

జవాబు: నవ్వొచ్చింది గానీ అసలు ప్రమాదం అక్కడే ఉంది. వాచ్ అంటే వచ్చే వాతావరణం ఉంది, కనిపెట్టుకుని ఉండమని. వార్నింగ్ అంటే కంటికో రాడార్‌కో కనబడింది, దాక్కోమని. మీ అత్తగారికి ఈసారి "కనిపెట్టుకోండి", "దాక్కోండి" అని చెప్పి చూడండి. నామవాచకం వెతుక్కుంటూ కూర్చుంటే పని జరగదు. టోర్నడోని సుడిగాలి అనడం కూడా నాకు నచ్చదు. మన సుడిగాలి ఎండాకాలం పొలంలో చెత్తని లేపి పోతుంది, అంతే.

ప్రశ్న అడిగినాయన: మావాడికంతా చదివి వినిపించానండీ. ఇప్పుడు ల్యాండ్‌ఫాల్ అంటే నేల విరిగిపడటమా అంటున్నాడు.

జవాబు: విరిగిపడేది ల్యాండ్‌స్లైడ్. దానికి మనకి వాడుకలో ఒక్క మాట లేదు, కొండచరియలు విరిగిపడ్డాయి అని వాక్యమంతా చెప్పాలి. ల్యాండ్‌ఫాల్ నావికుల మాట. సముద్రంలో పోతూ పోతూ నేల కనబడటం దాని మొదటి అర్థం. తర్వాత తుఫానుకి తగిలించారు. మనం నేల మీద నిలబడి చూసేవాళ్ళం గనక 'తీరం దాటింది' అంటాం.

మీవాడు ఇంకా ఊరుకోకపోతే ఒక పని చేయండి. కొండ, గుట్ట, తిప్ప, మెట్ట, దిబ్బ అని కాగితం మీద రాసిచ్చి, వీటికి ఇంగ్లీషు మాటలు పట్టుకురమ్మనండి. ఆదివారం దాకా మనకి తీరిక.