బరువులెత్తేటప్పుడు బెల్టు, స్ట్రాప్‌లు, మోకాలి స్లీవ్‌లు: ముందు ఏది కొనాలి?

మిర్యాలగూడ కుర్రాడు:

అందరికీ నమస్కారం. నా వయసు 29, బరువు 74 కిలోలు. స్క్వాట్‌లో (బార్‌ను భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 100 కిలోలు, డెడ్‌లిఫ్ట్‌లో (నేలమీది బార్‌ను తొడల దాకా లేపి నిలబడడం) 130 కిలోల దాకా వచ్చాను. ఇప్పటివరకు నడుముకు బెల్టు గానీ, చేతులకు స్ట్రాప్‌లు (మణికట్టుకు తగిలించి బార్‌కు చుట్టే పట్టీలు) గానీ కట్టలేదు. మా జిమ్‌కు కొత్తగా వచ్చిన ట్రైనర్ 60 కిలోలు దాటితే బెల్టు లేకుండా బార్ ముట్టుకోవద్దంటున్నారు. నాతోపాటు వచ్చే స్నేహితుడు దీనికి పూర్తిగా వ్యతిరేకం. బెల్టుకు అలవాటు పడితే నడుము ఎన్నటికీ గట్టిపడదని వాడి వాదన. ఇద్దరూ అంతే నమ్మకంగా చెబుతుంటే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

డెడ్‌లిఫ్ట్‌లో నా ఇబ్బంది నడుముతో కాదు. బార్ మోకాళ్లు దాటగానే కుడిచేతి వేళ్లు విచ్చుకుపోతున్నాయి. స్ట్రాప్‌లు ఉంటే ఇంకో పది కిలోలు లేపగలనని గట్టిగా అనిపిస్తోంది. స్క్వాట్ చేసిన సాయంత్రం మోకాళ్లు కాస్త పట్టేసినట్టు ఉంటాయి, నొప్పి మాత్రం లేదు.

ఇంకొక సంగతి. మా నాన్న రైస్‌మిల్లులో హమాలీ. బస్తా ఎత్తే ముందు తువ్వాలును నడుముకు గట్టిగా చుట్టి బిగిస్తారు. అది లేనిదే పనిలోకి దిగరు. ఇప్పుడు ఆయన తోటివాళ్లు వెల్క్రో బెల్టులు కొనుక్కుంటున్నారు. ఆయనకూ ఒకటి కొనమంటారా? నాకు అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేదు. ఏది ముందు, ఏది తర్వాత?

శ్రీను, కూకట్‌పల్లి:

నేనైతే మోకాలి స్లీవ్‌లతో, అంటే మోకాలికి బిగుతుగా వేసుకునే తొడుగులతో, మొదలుపెట్టమంటాను. చలికాలం పొద్దున్నే స్క్వాట్ చేసేవాళ్లకు ఆ వెచ్చదనం చాలా హాయిగా ఉంటుంది, మోకాలు తొందరగా సాగుతుంది. 7 మిల్లీమీటర్ల మందం ఉన్నవి తీసుకోండి. పలచనివి నాలుగు రోజులకే వదులైపోతాయి. బెల్టు గురించి నాకంటే తెలిసినవాళ్లు చెప్పాలి.

విజయనగరం కోచ్:

తమ్ముడూ, నీ ట్రైనర్ మాట, నీ స్నేహితుడి మాట రెండూ నేను ఒప్పుకోను. నేను వెయిట్‌లిఫ్టింగ్ చేసి, ఇప్పుడు ఆడపిల్లలకు నేర్పుతున్నదాన్ని. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, ఓపిగ్గా చదువు.

బెల్టు వెనకనుంచి నడుమును పట్టి నిలబెడుతుందని చాలామంది అనుకుంటారు. కానీ అసలు పని పొట్ట దగ్గర జరుగుతుంది. బరువెత్తే ముందు కడుపునిండా గాలి పీల్చి బిగబట్టినప్పుడు లోపల ఒత్తిడి పెరుగుతుంది. వెన్ను వంగకుండా నిలబడడానికి ఆ ఒత్తిడి తోడ్పడుతుంది. పొట్ట కండరాలు తోసుకోవడానికి బయట ఒక గోడ ఉంటే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బెల్టు అలాంటి గోడ. తోయడం రానివాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే 60 కిలోలనీ 80 కిలోలనీ అందరికీ ఒకే అంకె పెట్టడం నాకు నచ్చదు.

మా దగ్గరికి పన్నెండు పదమూడేళ్ల పిల్లలు వస్తారు. వాళ్లను మొదట నేలమీద వెల్లకిలా పడుకోబెడతాను. రెండు బొటనవేళ్లను డొక్కల్లో, తుంటి ఎముకకు కాస్త పైన గుచ్చి పట్టుకోమంటాను. ముక్కుతో గాలి పీల్చినప్పుడు ఆ బొటనవేళ్లు పక్కలకు నెట్టుకుపోవాలి. భుజాలు పైకి లేచాయంటే గాలి ఛాతీలోనే ఆగిపోయిందని అర్థం. అది కుదిరాక నిలబడి అదే పని, ఆ తర్వాత 15 కిలోల ఖాళీ బార్‌తో అదే పని. ఇది రాకముందే పిల్లల నడుముకు బెల్టు బిగించే ట్రైనర్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ బిగింపు తెచ్చే ధైర్యంతో వాళ్లు మోయలేని బరువు మీదికి వెళ్తారు.

ఇక నీ స్నేహితుడి మాట. బెల్టు కట్టినంత మాత్రాన పొట్ట, నడుము కండరాలు పని మానేయవు. బెల్టుకు ఎదురు తోస్తూనే ఉంటాయి కదా. నీ ప్రాక్టీసులో ఎక్కువ భాగం బెల్టు లేకుండా చెయ్యి, బాగా బరువుండే చివరి సెట్లకు మాత్రం కట్టు. నువ్వు ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో ఎనభై శాతం దాటాక అనుకో. వార్మప్‌కు వద్దు, చేతుల వ్యాయామాలకు అసలే వద్దు. సెట్ అయిపోగానే విప్పెయ్యి.

కొనేటప్పుడు ఒకటి చూసుకో. వెనక వెడల్పుగా, ముందు సన్నగా ఉండే బెల్టులు దుకాణాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. తోసేది పొట్టతో కాబట్టి స్క్వాట్‌కూ డెడ్‌లిఫ్ట్‌కూ చుట్టూ ఒకే వెడల్పు ఉన్నది మేలు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ లాంటివి ఉండే పోటీ క్రీడ పవర్‌లిఫ్టింగ్. దాని అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల్లో బెల్టు వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు మించకూడదు. మా వెయిట్‌లిఫ్టింగ్‌లో వెడల్పు 12 సెంటీమీటర్ల వరకు ఉండొచ్చు. పక్కటెముకకూ తుంటికీ మధ్య జాగా తక్కువున్నవాళ్లకు, ముఖ్యంగా పొట్టి ఆడపిల్లలకు, వెడల్పు బెల్టు కిందికి వంగగానే పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. వాళ్లకు సన్నది కావాలి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకు. గాలి బిగబట్టి ఎత్తేటప్పుడు రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ, హెర్నియా, గుండె జబ్బు, కంటి రెటీనా సమస్య, వీటిలో ఏది ఉన్నా డాక్టరును అడగకుండా బెల్టూ వద్దు, ఆ బరువులూ వద్దు.

మోకాలి స్లీవ్‌ల గురించి శ్రీను గారు చెప్పింది నిజమే. వెచ్చదనమే వాటివల్ల పెద్ద మేలు. నొప్పి ఉంటే మాత్రం దాన్ని స్లీవ్ కింద దాచుకుని స్క్వాట్ చెయ్యకూడదు.

మిర్యాలగూడ కుర్రాడు:

చాలా కృతజ్ఞతలు అక్కా. బొటనవేళ్ల పరీక్ష ఇప్పుడే చేసి చూశాను, నాకు కుడిపక్క కదులుతోంది, ఎడమపక్క అంతగా కదలడం లేదు. స్ట్రాప్‌ల సంగతి కూడా చెప్పండి. నాన్న గురించి ఎవరికైనా తెలిస్తే దయచేసి రాయండి.

గోదాము సూపర్‌వైజర్, గుంటూరు:

మీ నాన్నగారి విషయం నేను చెబుతాను బాబూ. జిమ్‌లో నాలుగైదు సార్లు ఎత్తి కూర్చునే మనిషికీ, పొద్దుటినుంచి చీకటిపడేదాకా బస్తాలు మోసే మనిషికీ ఒకే సలహా సరిపోదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్య భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1994లోనే ఈ బెల్టులను పరిశీలించింది. ఆరోగ్యంగా ఉన్న కార్మికులకు నడుము గాయాలు తగ్గిస్తాయనడానికి ఆధారం చాలదని, కాబట్టి సిఫారసు చేయలేమని చెప్పింది. తర్వాత అక్కడి పెద్ద దుకాణాల సిబ్బంది మీద చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలోనూ బెల్టు వాడిన వారికి ప్రత్యేకంగా మేలు కనిపించలేదు.

అదే సంస్థ సూత్రం ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలు. మన బస్తా 50 కిలోలు. ఈ తేడాను ఏ బెల్టు పూడుస్తుంది చెప్పండి? మా గోదాములో నడుము నొప్పులు తగ్గింది బస్తాలను నేలమీద పేర్చడం మానేసి, నడుమెత్తు దిమ్మె మీదికి మార్చాకే. కిందినుంచి వంగి లేపడమే మనిషిని తినేస్తుంది. భుజానికి ఎత్తేటప్పుడు అటొకరు ఇటొకరు పట్టడం, నాలుగడుగులు దాటితే తోపుడు బండి వాడడం, ఈ రెండింటికీ యజమానిని ఒప్పించగలిగితే మీ నాన్నగారికి నిజమైన మేలు చేసినట్టే. తువ్వాలు మాన్పించకండి, ఆయనకు అలవాటైన బిగింపు అది. కానీ బెల్టు వచ్చింది కదా అని యజమాని ఇంకో వరస బస్తాలు వేయిస్తే గట్టిగా కాదనండి.

విజయనగరం కోచ్:

సూపర్‌వైజర్ గారు చాలా మంచి మాట చెప్పారు. యజమానులు చదవాల్సిన మాట.

ఇక స్ట్రాప్‌లు. వెయిట్‌లిఫ్టింగ్, పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో వీటికి అనుమతి లేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి గారు స్నాచ్‌లో (బార్‌ను ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి ఎత్తడం) 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది తన పిడికిలి పట్టుతోనే. స్టూవర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో మొత్తం 338 కిలోలతో స్వర్ణం గెలిచింది కూడా అలాగే. మా పట్టులో బొటనవేలిని ముందు బార్‌కు చుట్టి, దానిమీద చూపుడువేలు, నడిమివేలు బిగిస్తాం. దీన్ని హుక్ గ్రిప్ అంటారు. మొదట్లో బొటనవేలి గోరు కింద మంట పుడుతుంది. టేపు చుట్టుకుంటే ఓర్చుకోగలవు, క్రమంగా అలవాటవుతుంది.

ఒక అరచేయి లోపలికి, ఒకటి బయటికి పెట్టి పట్టే పద్ధతి కూడా ఉంది. అది తేలిక, కానీ బయటికి తిప్పిన చేతి కండరం మీద లాగుడు ఎక్కువ. ఆ చేతిని వంచి లాగితే బైసెప్స్ చిరిగే ప్రమాదం ఉంది. చెయ్యి నిటారుగా ఉంచు, చేతులు మారుస్తూ ఉండు.

నీ వేళ్లు విచ్చుకోవడానికి కారణం బార్ కూడా కావచ్చు. పురుషుల పోటీ బార్ పట్టుకునేచోట 28 మిల్లీమీటర్ల మందం, మంచి గరుకు ఉంటుంది. చాలా జిమ్‌లలో అంతకంటే లావుగా, అరిగి నున్నగా అయిపోయిన బార్లే ఉంటాయి. చెమట పట్టిన చేతికి అవి నిలవవు. కాబట్టి నీకు ముందు కావలసింది మెగ్నీషియం కార్బొనేట్ పొడి, అదే మనం చాక్ అనేది. పొడి రాలుతుందని జిమ్‌వాళ్లు ఒప్పుకోకపోతే ద్రవరూపంలో కూడా దొరుకుతుంది. అరచేతిలో కాయలు ఎత్తుగా పెరగనివ్వకు, స్నానం తర్వాత ప్యూమిక్ రాయితో అరగదీసుకో. లేకపోతే బార్ వాటిని పట్టి చీల్చేస్తుంది.

పట్టు కుదిరాక, వీపు కోసం ఎక్కువ సార్లు లాగే సెట్లకు స్ట్రాప్‌లు వాడుకో, తప్పులేదు. శిక్షణలో మేమూ వాడతాం. బార్‌ను భుజాల మీదికి లాగే క్లీన్‌కు మాత్రం ఎప్పుడూ వాడకు. బార్ తప్పినప్పుడు చెయ్యి వదిలించుకోలేవు, మణికట్టు విరుగుతుంది.

నీ డబ్బుకు వరస ఇది: ఈ నెల చాక్. తర్వాత స్క్వాట్‌కు గట్టి అడుగున్న బూట్లు, ఎందుకంటే పరుగుకు వాడే మెత్తటి బూట్లు బరువు కింద అణిగిపోయి పాదం ఊగుతుంది. డెడ్‌లిఫ్ట్‌కు బూట్లు విప్పి చేసినా సరే. ఎడమ డొక్క కూడా బొటనవేలిని నెట్టడం మొదలుపెట్టాక బెల్టు. స్లీవ్‌లు ఆ తర్వాత. ఆ ఎడమపక్క ఎలా ఉందో పదిహేను రోజులాగి ఇక్కడే రాయి, చూసి చెబుతాను.